కంకర దారి దోస్తులు

భోజన్నది జగిత్యాల జిల్లాలో మెట్‌పల్లి పక్కన ఒక చిన్న ఊరు. ఫుజైరా కొండల్లోని కంకర క్వారీ నుంచి అబుదాబి దాకా ట్రేలర్ తోలడం అతని పని. పెళ్లయిన కొత్తలో వచ్చినవాడు, కూతురు పెళ్లీడుకొచ్చేదాకా ఆ ఒక్క దారి మీదే తిరిగాడు. ఊరికి పోయినప్పుడు ఎవరైనా "దుబాయ్‌ల ఏం జూసినవే?" అని అడిగితే అతనికి ఎత్తయిన మేడలు గుర్తుకొచ్చేవి కావు. మసాఫీ దగ్గరి దిగుడు, ధైద్ దాటాక ఒంటెలు అడ్డమొచ్చే మలుపు, ముందర పోతున్న అజ్మతుల్లా బండి, ఇవే కళ్ల ముందుకొచ్చేవి.

అజ్మతుల్లా పఠాన్. పెషావర్ అవతల, ఖైబర్ కనుమ మొదట్లో ఉండే జమ్రూద్ అతని ఊరు. భోజన్నకంటే పదేళ్లు పెద్ద. క్వారీలో చేరిన మొదటి వారంలోనే భోజన్న నిండు లోడుతో కొండ దిగుతూ బ్రేకులు తొక్కీ తొక్కీ చక్రాల నుంచి పొగలు తెప్పించాడు. వెనకాల వస్తున్న ఒక పెద్ద గడ్డపు మనిషి హారన్ మీద హారన్ కొట్టి, పక్కకొచ్చి, చేత్తో ఇసుక వైపు చూపించాడు. భోజన్న బండిని ఎట్లాగో ఇసుకలోకి దింపి ఆపి, నీళ్ల డబ్బా పట్టుకుని చక్రం దగ్గరికి పరుగెత్తాడు. ఆ మనిషి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"నీళ్లు పొయ్యకు యారా, పగిలిపోతుంది. కూర్చో. దాని కోపం అదే చల్లారుతుంది."

కూర్చున్నారు. అజ్మతుల్లా తన దగ్గరున్న రొట్టె విరిచి సగం ఇచ్చాడు. తెల్లారి నుంచి చాలా రోజులు అతను ముందు, భోజన్న వెనక. ఎక్కడ గేరు మార్చాలో, ఎక్కడ కాలు తీసెయ్యాలో ఆ బండి వెనక దీపాలు చూసే నేర్చుకున్నాడు. పఠాన్లు అన్నను 'లాలా' అంటారు. భోజన్న కూడా అదే పిలుపు పట్టుకున్నాడు. ఇద్దరి మధ్య నడిచేది పనివాళ్లు ఉండే క్యాంపుల్లో అందరూ మాట్లాడే హిందీ. అందులో అతని పష్తో యాస కొంత, ఇతని తెలంగాణ యాస కొంత కలిసేవి. మూడోవాడికి సగమే అర్థమయ్యేది. వాళ్లకు మొత్తం అర్థమయ్యేది.

మసాఫీ దాటాక రోడ్డు పక్కన హయాత్ బాషా టీ కొట్టు ఉండేది. బాషాది రాయచోటి. కంకర బండ్లన్నీ అక్కడ ఆగేవి. నమాజు చేసుకునేవాళ్లు చేసుకునేవారు, కునుకు తీసేవాళ్లు స్టీరింగ్ కింద తీసేవారు. లోడు కాస్త ఆలస్యమైనా అడిగేవాడు లేడు. దోస్తు బండి వెనకబడితే అది కనిపించేదాకా ఇంకో చాయ్ తాగుతూ కూర్చోవచ్చు. భోజన్న, అజ్మతుల్లా ఒకరికోసం ఒకరు అట్లా ఎన్ని చాయ్‌లు తాగారో లెక్కలేదు.

కూతురు రేణుక పెళ్లి రెండువేల ఇరవైలో కుదిరింది. కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. ముహూర్తం మార్చుదామంటే అల్లుడి తండ్రికి పాణం బాగాలేదు. భోజన్న భార్య అంజవ్వ ఫోన్లో ఏడ్చింది. "నువ్వు లేంది బిడ్డ పెండ్లి ఎట్ల జేసుడయ్యా?" అంది. చేయక తప్పలేదు. భోజన్న క్వారీలోనే ఉండి ఫోన్లో చూడాల్సి వచ్చింది.

పెళ్లి రోజు పొద్దున్నే అజ్మతుల్లా స్నానం చేసి, తెల్లని కొత్త బట్టలు తొడుక్కుని, తలపాగా చుట్టుకుని వచ్చాడు. భోజన్న లుంగీ మీద బండి నీడలో కూర్చుని ఉన్నాడు.

"పెళ్లికూతురు తండ్రివి. ఇట్లానా కనబడేది? లే, బట్టలు మార్చుకో."

భోజన్న లేచి ప్యాంటు, చొక్కా వేసుకున్నాడు. ఫోన్ స్టీరింగ్‌కు ఆనించి ఇద్దరూ క్యాబిన్లో కూర్చున్నారు. జీలకర్ర బెల్లం పెట్టేదాకా బొమ్మ బాగానే వచ్చింది. సరిగ్గా పుస్తె కట్టే వేళకు ఆగిపోయింది. రేణుక వంచిన తల అట్లాగే నిలిచిపోయింది. భోజన్న ఫోన్‌ను ఊపాడు, తట్టాడు. అది చూసి అజ్మతుల్లా ఫోన్ లాక్కుని కిందికి దూకాడు. క్వారీలో పోసి ఉన్న కంకర కుప్ప మీదికి, కాళ్లు జారుతున్నా, కొత్త బట్టలకు దుమ్ము అంటుకుంటున్నా పాకుతూ ఎక్కాడు. పైన నిలబడి ఫోన్ ఎత్తి పట్టి అరిచాడు.

"భోజా! వచ్చింది, రా! రా!"

భోజన్న పడుతూ లేస్తూ ఎక్కాడు. ఆ కంకర గుట్ట మీద, ఎండలో, అతను బిడ్డ మెడలో మూడు ముళ్లు పడటం చూశాడు. అతనికంటే ముందు అజ్మతుల్లాయే ఏడ్చాడు. తర్వాత రేణుక ఫోన్ దగ్గరికి వచ్చి కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

"బాపూ, పక్కన ఎవలు?"

"మీ పెద్దబాపు బిడ్డా."

రేణుక చేతులు జోడించింది. అజ్మతుల్లా అప్పుడే విని నేర్చుకున్న ఒకే ఒక్క తెలుగు మాట అన్నాడు. "బిడ్డా." అప్పటి నుంచి రేణుక ఎప్పుడు ఫోన్ చేసినా "పెద్దబాపు మంచిగున్నడా?" అని అడగకుండా పెట్టేసేది కాదు.

ఆ తర్వాతి ఏడాది కొండల్లో సొరంగాలు తొలవడం మొదలైంది. సముద్రపు ఒడ్డు నుంచి ఎడారి అవతలి కొస దాకా సరుకుల రైలు వేస్తున్నారని చెప్పుకున్నారు. పట్టాల కింద పరవడానికి కంకర కావాలి కదా, దాన్ని మోసింది వీళ్ల బండ్లే. రోజుకు ఇంకో ట్రిప్పు దొరుకుతుందని డ్రైవర్లు సంబరపడ్డారు. అజ్మతుల్లా మాత్రం పట్టాల వైపు చూసి ఊరుకునేవాడు. ఒక మధ్యాహ్నం బాషా కొట్టు ముందు భోజన్న అడిగాడు.

"ఏంది లాలా, రైలంటే ముఖం మాడ్చుకుంటున్నవ్?"

అజ్మతుల్లా గడ్డం నిమురుకుని చెప్పాడు. "మా తాతకు ఒంటెలుండేవి. పెషావర్ నుంచి కాబూల్ దాకా ఉప్పు, గుడ్డలు మోసేవాడు. ఇంగ్లీషువాళ్లు మా కనుమలోకి పొగబండి తెచ్చారు. ముందర ఒక ఇంజను, వెనక ఒక ఇంజను, కొండెక్కుతుంటే లోయంతా పొగ. మొదట్లో అందరూ నవ్వారట. ఇది రెండు మైళ్లకోసారి నీళ్లు తాగుతుంది, మా ఒంటె నయం అని. ఒక చలికాలం గడిచింది. ఉప్పు బండెక్కింది. గుడ్డలు బండెక్కాయి. మా తాత ఒంటెల్ని ఒక్కొక్కటీ అమ్ముకుని ఇంట్లో కూర్చున్నాడు. బండి వచ్చే వేళకు మాత్రం బయటికొచ్చి, దానికి వీపు తిప్పి నిలబడేవాడట. మా నాన్నమ్మ చెప్పేది."

"అయ్యో."

"అట్లాగని బండి చెడ్డదేం కాదు. అంతకుముందు మా ఊళ్లో గడియారం ఎవరికీ లేదు, చాయ్ ఎవరికీ తెలియదు. రెండూ ఆ పొగబండిలోనే దిగాయి. మా అత్తను పెషావర్‌లో ఇచ్చారు. బండి లేకపోతే అంత దూరం పిల్లనిచ్చేవాళ్లా? ప్రతి పండక్కీ దిగేది. ఊరికంతా మేలే జరిగింది. మా తాతకు తప్ప."

భోజన్న కప్పు కింద పెట్టాడు. "మా బాపు గూడ బొగ్గుబండి ఎక్కే బొంబై మిల్లుకు పోయిండు లాలా. ఆ బండి లేకుంటే మేం కరువుల సచ్చేటోళ్లం. కని ఆ బండి ఉండబట్టే బాపును ఏడాదికోపాలి జూసినం. దిగినప్పుడు ముఖం నిండ బొగ్గు నుసి. నేను గుర్తువట్టక అవ్వ ఎన్క దాసుకునేటోన్ని."

"మా రాయచోటికి రైలే లేదప్పా," అన్నాడు బాషా చాయ్ గ్లాసులు తీసుకుపోతూ. "మాకు ఏ బాధా లేదు."

ముగ్గురూ నవ్వారు. భోజన్న అన్నాడు, "అయినా ఇది పొగబండి గాదు లాలా. డీజిల్‌ది."

"ఒంటెకు ఏ బండి అయితే ఏంటి యారా?"

రెండువేల ఇరవైమూడులో రైలు నడవసాగింది. మొదటిసారి చూసిన రోజు ఇద్దరూ రోడ్డు పక్కన ట్రేలర్లు ఆపుకుని దిగారు. ఎత్తైన వంతెన మీద కంకర నింపిన వ్యాగన్లు ఒకదాని వెంట ఒకటి పోతూనే ఉన్నాయి. చివరి వ్యాగన్ కొండలో కలిసేదాకా వాళ్లు చూస్తూ నిలబడ్డారు. క్వారీలోని బండ్లన్నీ వారమంతా మోసే రాయి అది.

ఆ కొండల్లో కాపురముండేవాళ్లకు కొత్త రోజులొచ్చాయి. రోడ్డు మీద దుమ్ము తగ్గింది, ఆరేసిన బట్టలు తెల్లగా ఉన్నాయి, పిల్లల్ని బడికి పంపడానికి తల్లులు భయపడటం లేదు. అది అబద్ధం కాదు. కానీ రోడ్డును నమ్ముకున్నవాళ్లు ఒక్కొక్కరే సర్దుకున్నారు. ముందు టైర్ల కొట్టు మూతపడింది. తర్వాత డ్రైవర్ల గడ్డాలు గీసే మంగలి ధైద్ వెళ్లిపోయాడు. ఆఖరికి హయాత్ బాషా కూడా పొయ్యి ఆర్పి, దుబాయ్‌లో అల్ వర్సాన్ గోదాముల్లో సామాన్లు ఎత్తే పనికి చేరాడు. పోయే రోజున ఇద్దరికీ చివరి చాయ్ పోసి, "ఇంగ ఈ దోవన ఆగే బండి యాడుందన్నా?" అన్నాడు.

ఆ ఏడాది చివర్లో క్వారీ మేనేజర్, అందరూ ముదీర్ అని పిలిచే మనిషి, డ్రైవర్లను ఒక్కొక్కరినే ఆఫీసుకు పిలిచాడు. ట్రేలర్లు అమ్మేస్తున్నారు. భోజన్నకు కంకర ఎత్తి పోసే షావల్ బండి లైసెన్సు ఉంది. అందుకని రైలు ఆగే యార్డులో వ్యాగన్లు నింపే పని ఇచ్చారు. అజ్మతుల్లాకు అరవై దాటాయి. వీసా ఇక పొడిగించరట.

అజ్మతుల్లా నవ్వుతూనే బయటికొచ్చాడు. "ఖలాస్ భోజా. ఇంటికి పొమ్మన్నాడు."

"నేను గూడ పోత లాలా. నాకీ పనొద్దు."

"పిచ్చిమాటలు మాట్లాడకు. నీ కొడుకు ఇంకా కుదురుకోలేదు. ఒంటెలవాళ్లలో ఒక్కడన్నా బండెక్కాలి కదా." భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. "నన్ను షార్జా ఎయిర్‌పోర్టుకు మాత్రం నువ్వే తీసుకుపోవాలి. ఇంకెవరి బండీ నేను ఎక్కను."

"నేనే తోలుకపోత," అని భోజన్న మాటిచ్చాడు.

ఆ మాట నిలవలేదు. అజ్మతుల్లా బయల్దేరే రోజున భోజన్న ముందే సెలవు అడిగి పెట్టుకున్నాడు. తెలిసినవాడి కారు కూడా అడిగి ఉంచాడు. పొద్దున్నే ఇంకో షావల్ తోలేవాడికి జ్వరం వచ్చింది. సూపర్‌వైజర్ మనిషిని పంపించాడు. రైలు యార్డులో, కంకర నింపే పట్టా మీద నిలబడి ఉంది, దాని వేళకు అది కదలాలి, దాని వెనక ఇంకో బండి ఉంది. ట్రేలర్ అయితే కాసేపు ఆగుతుంది. రైలు ఆగదు. భోజన్న అజ్మతుల్లా గదికి పరుగెత్తి చెప్పాడు.

"లాలా, అన్ని వ్యాగన్లు నింపి వస్త. నువ్వు టాక్సీల పో. నేను ఎయిర్‌పోర్టుకే ఉరికొస్త."

"తొందరపడి షావల్ తిప్పకు. మెల్లగా రా. నేను లోపలికి పోకుండా బయటే నిలబడతా."

యార్డులో ఫోన్ పెట్టుకోనివ్వరు, గేటు దగ్గర పెట్టెలో పెట్టి పోవాలి. ఒక వ్యాగన్ నిండితే ఇంకొకటి. ఇంజను మధ్యలో ఆగింది, ఎందుకో చెప్పలేదు, మళ్లీ కదిలింది. భోజన్న షావల్ దొప్పను ఎత్తుతూ దింపుతూ రోడ్డు వైపు చూస్తూనే ఉన్నాడు. చివరి వ్యాగన్ నింపి గేటు దగ్గరికి వచ్చి ఫోన్ తీసేసరికి అజ్మతుల్లా చాలాసార్లు చేసి ఉన్నాడు. ఒక వాయిస్ మెసేజ్ ఉంది.

"భోజా, లోపలికి పొమ్మంటున్నారు. ఇంతసేపూ ఆగాను. ఫరవాలేదు యారా. నువ్వు పనిలో ఉన్నావు, నాకు తెలుసు. అంజవ్వకు సలాం చెప్పు. బిడ్డకు చెప్పు."

భోజన్న గేటు పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. కాపలా మనిషి ఒంట్లో బాగాలేదేమోనని నీళ్లు తెచ్చిచ్చాడు.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక జమ్రూద్ నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చేది. వెనకాల కోళ్ల అరుపులు, మనవళ్ల గోల వినిపించేవి. ఒకసారి చెప్పాడు: "ఇవాళ పొగబండి పట్టాల దాకా నడిచి పోయాను. వరదలకు వంతెన కొట్టుకుపోయి ఎన్నో ఏళ్లయింది, బండి రావడం లేదు. పట్టాల మీద మేకలు పడుకుని ఉన్నాయి. మా తాత ఉంటే బాగుండేది." భోజన్న యార్డు సంగతులు చెప్పేవాడు, రేణుకకు కొడుకు పుట్టాడని చెప్పాడు. ఆ వారం వచ్చిన మెసేజ్‌లో మాటలు తక్కువ, నవ్వు ఎక్కువ.

రెండువేల ఇరవైఐదు మే నెలలో వాళ్లిద్దరి దేశాల మధ్య బాంబులు పడ్డాయి. క్యాంపులో కలిసి తినేవాళ్లు కూడా వేరువేరు బల్లల మీద కూర్చున్నారు. అజ్మతుల్లా దగ్గరి నుంచి మెసేజ్ వచ్చింది. "మీ ఊరు దూరమేగా? మీవాళ్లంతా బాగున్నారా? ఎవరు ఏమన్నా పట్టించుకోకు." భోజన్న పక్కకు పోయి, గొంతు తగ్గించి జవాబు పంపాడు. "మేం మంచిగున్నం లాలా. నువ్వు పైలం."

జూన్‌లో భోజన్న సెలవు మీద ఇంటికి పోయాడు. కొడుకు నరేశ్ హైదరాబాదు నుంచి వచ్చాడు. ఒకరోజు తండ్రి ఫోన్లో పాత ఫోటోలు చూస్తూ ఆ వాయిస్ మెసేజ్‌లన్నీ చూశాడు.

"బాపూ, ఇదేంది? పాకిస్తాన్ నంబర్ తోని ప్రతి శుక్రారం మాటలా? ఎయిర్‌పోర్టుల ఫోన్ జూస్తే ఏమైతదో తెల్సా? మొన్న ఎవలెవలినో పట్టుకపోయిండ్రు. నువ్వు తెల్వక జేస్తున్నవ్."

"గాయన మీ పెద్దబాపు రా. అక్క పెండ్లి నాడు..."

"అక్కకు నువ్వు జెప్తే సరిపాయె. పోలీసులకు జెప్తవా? నేనే తీసేస్తున్న. తిరిగి అటు పోయినంక ఆయన మెసేజ్ వెడితే నంబర్ మళ్ల నీకే వస్తది గద."

భోజన్న అడ్డు చెప్పలేకపోయాడు. కొడుకు గొంతులో భయం నిజమైనది. మెసేజ్‌లు పోయాయి, నంబరు పోయింది. మళ్లీ ఫుజైరా చేరాక శుక్రవారం కోసం ఎదురుచూశాడు. ఏమీ రాలేదు. ఇంకో శుక్రవారం కూడా రాలేదు. మసాఫీలో పఠాన్ల రొట్టెల దుకాణంలో అడుగుదామని పోయి, వాళ్లు తనవైపు ఎట్లా చూస్తారోనని గుమ్మంలోనే తిరిగి వచ్చాడు. బాషాకు ఫోన్ చేద్దామన్నా, నరేశ్ మాటలు గుర్తొచ్చి ఫోన్లో ఆ నంబరు అడగడానికి భయపడ్డాడు. రాను రాను అతని మనసు విరిగింది. లాలా కూడా అందరిలాంటివాడే అయిపోయాడు, అతని కొడుకులు వద్దని ఉంటారు, ఆయన సరేనని ఉంటాడు అనుకున్నాడు. రేణుక అడిగితే "మంచిగున్నడు బిడ్డా" అని అబద్ధం చెప్పేవాడు. వ్యాగన్లు నింపుతూ ఒక్కోసారి తనలో తానే గట్టిగా అనేవాడు: "నేనేం తప్పు జేసిన లాలా?"

చలికాలంలో కంపెనీ పని మీద దుబాయ్ పోవాల్సి వచ్చింది. పని అయిపోయాక అల్ వర్సాన్‌లో హయాత్ బాషా ఉండే క్యాంపుకు పోయాడు. బాషా మంచం మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడు. మాటల్లో అజ్మతుల్లా ప్రస్తావన వచ్చింది.

"లాలా నన్ను మర్సిపోయిండు బాషన్నా. ఒక్క మాట లేదు," అన్నాడు భోజన్న.

"ఆయప్ప అట్లా మనిషి కాదే. ఏదీ, నీ ఫోన్ ఇట్లా ఇయ్యి." బాషా తన ఫోన్లో ఉన్న నంబరు చూసి భోజన్న ఫోన్లో కొట్టాడు. తర్వాత ఏదో నొక్కి, ముఖం చిట్లించి, మళ్లీ చూశాడు. "భోజన్నా, ఈ నంబరు ఎవురు బ్లాక్ చేసినారు?"

"అంటే?"

"అంటే ఆయప్ప నీకు ఏం పంపినా నీ ఫోన్ తీసుకోదు. తలుపు మూసినట్టు."

భోజన్నకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నరేశ్ నంబరు తీసేయడమే కాదు, మళ్లీ రాకుండా కూడా చేశాడు. బాషా ఆ తలుపు తీశాడు. "ఇప్పుడొస్తాయా?" అని అడిగాడు భోజన్న ఆత్రంగా. బాషా తల అడ్డంగా ఊపాడు. "మూసినప్పుడు పంపినవి రావన్నా. నువ్వే ఫోన్ చెయ్యి."

చేశాడు. చాలాసేపు మోగాక ఒక మగగొంతు పలికింది. అజ్మతుల్లా పెద్దకొడుకు.

"నేను ఫుజైరా నుంచి, భోజన్నను. లాలా ఉన్నాడా?"

ఆ గొంతు మెల్లగా అడిగింది. "చాచా, మీరు బతికే ఉన్నారా?"

"ఉన్నాను బేటా. లాలా ఏడి?"

"మా అబ్బాజాన్ పోయారు చాచా. ఎండలు తగ్గే వేళకు. గుండె ఆగింది."

బాషా భోజన్న చెయ్యి పట్టుకున్నాడు. ఆ కొడుకు చెప్పుకుపోతున్నాడు. మీకు ప్రతి శుక్రవారం పంపేవారు, ఒక్క టిక్కే పడేది, మీ ఫోటో కూడా కనపడటం లేదన్నారు. భోజాకు ఏదో అయింది, రైలు యార్డులో పనిచేస్తున్నాడు, వ్యాగన్ కింద పడి ఉంటాడు అని అన్నం తినలేదు. అడుగుదామంటే బాషా చాచా పాత నంబరు పలకలేదు. కొన్ని వారాలు చూసి, మసీదులో మీ కోసం దువా, పోయినవాళ్ల ప్రార్థన, చదివించారు. పేరు విని, ఎవరీ మనిషి అని ఇమాం అడిగితే, నా తమ్ముడు, చదువు అన్నారు.

"మా అబ్బాజాన్ ఫోన్ నా దగ్గరే ఉంది చాచా. ఆయన పంపినవన్నీ ఇందులోనే ఉన్నాయి. పంపనా?"

"పంపు బేటా."

ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి. భోజన్న వాటిని చూస్తూ కూర్చున్నాడు గానీ నొక్కలేకపోయాడు. చివరిదాన్ని బాషాయే నొక్కాడు. ఆ గొంతు బాగా నీరసించి ఉంది.

"ఈ ఫోన్ ఇప్పుడు ఎవరి దగ్గరుందో నాకు తెలియదు. భోజన్న ఇంటివాళ్లయితే వినండి. అతను మంచివాడు. అతని బిడ్డ పేరు రేణుక. ఆమెకు చెప్పండి, బాపు లేడని ఏడవొద్దని, పెద్దబాపు ఇంకా ఉన్నాడని."

భోజన్న రెండు చేతుల్లో తల పెట్టుకుని ఏడ్చాడు. గదిలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే బయటికి పోయారు.

ఫుజైరా తిరిగొచ్చాక నరేశ్‌కు ఫోన్ చేశాడు. తిట్టాలనే చేశాడు. నరేశ్ అంతా విన్నాడు.

"బాపూ, నీకేమన్న అయితదని భయపడ్డ. గంతే బాపూ."

భోజన్న కళ్లు మూసుకున్నాడు. పాతికేళ్లలో కొడుకు దగ్గర తను ఉన్నదెంత? తన కోసం వాడు భయపడటం తప్ప ఇంకేం చేయగలిగాడు? "తెల్సు కొడుకా," అన్నాడు. రేణుకకు చెప్పే పని అంజవ్వకు అప్పజెప్పాడు. రేణుక మూడు రోజులు తండ్రితో మాట్లాడలేదు. అబద్ధం చెప్పినందుకు కాదు, మాట్లాడితే ఏడుపు ఆగదని.

చనిపోయినవాళ్ల పేరు మీద తమలో అన్నం పంచుతారని బాషా చెప్పాడు. ఆ శుక్రవారం భోజన్న సెలవు పెట్టి, క్యాంపు వంటగదిలో కోడిమాంసం వేసి అన్నం వండించాడు. దారిలో ఆగే డ్రైవర్లందరికీ సరిపోయేలా పొట్లాలు కట్టించి, తెలిసినవాడి కారులో మసాఫీ దాటాక బాషా కొట్టు ఉండిన చోటికి పోయాడు. జుమ్మా అయ్యే వేళకు అక్కడ నిలబడ్డాడు. ఒక సిమెంటు బండి ఆగింది. అందులోని కుర్రాడు పొట్లం అందుకుంటూ "ఎవరి పేరు మీద చాచా?" అని అడిగాడు.

"మా అన్న పేరు మీద."

తర్వాత ఒక నీళ్ల ట్యాంకరు, చాలాసేపటికి ఇంకో బండి. అంతే. సాయంత్రం దాకా నిలబడ్డా పొట్లాలు సగానికి పైగా అట్లాగే ఉండిపోయాయి. ఎన్ని బండ్లు వస్తాయో అతను పాత అలవాటు మీద లెక్కేసుకున్నాడు. కొండ మీద రైలు పోయిన చప్పుడు వినిపించింది. భోజన్న మూసిన కొట్టు అరుగు మీద కూర్చుని, ఒక పొట్లం విప్పి, చల్లారిపోయిన అన్నం తినడం మొదలుపెట్టాడు. ముద్ద నోటిదాకా తెచ్చి దించేశాడు. నీళ్లు తాగి, మళ్లీ కలిపాడు.